గాలించిన పసుపు

సాయంత్రం ముత్తన్న గల్లీ మలుపు తిరిగాడంటే అరుగుల మీద బీడీలు చుట్టే ఆడవాళ్ళకు నవ్వు ఆగేది కాదు. తల వెంట్రుకల నుంచి కాలిగోళ్ళ దాకా పసుపే. కనురెప్పల మీద పసుపు, చెవుల్లో పసుపు.

"పెండ్లికొడుకు వచ్చిండు సూడుండ్రి," అనేది ఒకామె. "రోజూ నలుగు పెట్టుకుంటడు గని పిల్లే దొర్కుతలేదు."

"దొర్కింది గదనే, ఇంట్ల ఉన్నది," అనేవాడు ముత్తన్న ఆగకుండానే. "ఇంకొకతిని తెస్తనంటే మా అవ్వ తన్నుతది."

ఆ ఇంట్లో దేనికైనా కొరత వచ్చేదేమో గాని పసుపుకు ఎన్నడూ రాలేదు. నిజామాబాద్ గంజ్ వెనుక ఒక సేటు షెడ్డులో ముత్తన్న పసుపు కొమ్ములకు మెరుగు పెట్టేవాడు. ఊళ్ళ నుంచి ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ములు బండ్ల మీద వచ్చేవి, మట్టిరంగులో, ముడతలు పడి. వాటిని ఇనుప డ్రమ్ములో పోసి తిప్పుతారు. పైపొట్టు రాలిపోయాక, సేటు ఎక్కణ్ణుంచో తెప్పించిన రంగును నీళ్ళలో కలిపి చివరి తిప్పుల్లో చల్లుతారు. ఆ చల్లడం ముత్తన్న పని. ఎంత చల్లాలో, ఎక్కడ ఆపాలో అతని చేతికి తెలిసినట్టు మరొకరికి తెలియదని పేరు. డ్రమ్ము మూత తెరిచేసరికి కొమ్ములు ధగధగలాడుతూ బయట పడేవి. అడుగున మిగిలిన పొడి పనివాళ్ళది. ముత్తన్న దాన్ని గుడ్డలో మూటగట్టి ఇంటికి తెచ్చేవాడు.

ఆ మూటే అతని తల్లి హన్మవ్వకు గల్లీలో గౌరవం తెచ్చింది. ఎవరింట పెళ్ళి కుదిరినా, ఎవరికి కాన్పయినా "హన్మవ్వ ఇంటి పసుపు" కోసం గిన్నె పట్టుకుని వచ్చేవాళ్ళు. దాని పక్కన మామూలు పసుపు పెడితే బూడిదలా ఉండేది.

కోడలు రేణుక కూడా కాపురానికి వచ్చిన కొత్తలో ఆ పసుపు చూసి మురిసిపోయింది. ఆమెది నందిపేట్. పుట్టింట్లో పసుపు పండిస్తారు గాని ఇంత రంగు ఆమె ఏనాడూ చూడలేదు. ఐదో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే బడి మాన్పించారు. అప్పటి నుంచి చాకిరీ, తర్వాత పెళ్ళి, ఇప్పుడు రెండేళ్ళు దాటిన కూతురు పోసాని. కడుపులో మరొకటి. రేణుకకు భయం ఎక్కువ. పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేది. "పిల్లను గట్ల సూస్తె దిష్టి నీదే తాకుతది," అని హన్మవ్వ కసిరేది.

అరవై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో ఆ భయానికి ఒక రూపం వచ్చింది. పోసాని అన్నం ముట్టడం మానేసింది. కడుపు పట్టుకుని మెలికలు తిరిగేది. విరేచనం బిగుసుకుపోయింది. పెదవులు పాలిపోయాయి. అన్నం తినని పిల్ల గోడ దగ్గర కూర్చుని గోరుతో మట్టి గీకి నాకేది. నేర్చిన మాటల్లో కొన్ని మరిచిపోయినట్టు అనిపించింది రేణుకకు. "నాయినమ్మ" అనే పిల్ల ఇప్పుడు "నా" అని ఊరుకుంటోంది.

హన్మవ్వ దిష్టి తీసింది. తాయెత్తు కట్టించింది. తర్వాత తనకు బాగా నమ్మకమున్న మందు మొదలుపెట్టింది. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి గోరువెచ్చని పాలలో చెంచాడు పసుపు.

"పసుపు కడుపుల ఉన్న కుళ్ళంత కడుగుతది," అనేది, పిల్ల ముక్కు మూసి తాగిస్తూ. "లోపటికి ఎంత విషం పోయినా పసుపు ముందట నిలువది. నువ్వు గూడ తాగు బిడ్డా, రెండు పాణాల మనిషివి."

రేణుక తాగేది. పిల్ల చేత కూడా చివరి చుక్క దాకా తాగించేది. గ్లాసు అడుగున మిగిలిన దాన్ని వేలితో తీసి నాలుకకు రాసేది. ఎంత తాగిస్తే అంత మంచిదనుకుంది.

ఒకనాడు మధ్యాహ్నం పోసాని కళ్ళు పైకి తిరిగాయి. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. రేణుక పిల్లను భుజాన వేసుకుని చెప్పులు లేకుండా కంఠేశ్వర్‌లో డాక్టరమ్మ అనసూయమ్మ దవాఖానకు పరుగెత్తింది.

డాక్టరమ్మ ఫిట్స్ తగ్గడానికి సూది వేసింది. పిల్ల పెదవి కిందికి లాగి చిగుళ్ళు చూసింది. చాలాసేపు చూసింది. ఎక్స్‌రే తీయించుకు రమ్మంది. తెచ్చాక ఆ నల్లటి ఫిలిమును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. పోసాని మోకాళ్ళు. ఎముకల చివర్లలో సున్నంతో గీసినట్టు తెల్లటి గీతలు మెరుస్తున్నాయి.

"బొక్కలు గట్టిగున్నయా డాక్టరమ్మా?" రేణుక ఆశగా అడిగింది. "తెల్లగ మెరుస్తున్నయి గద."

డాక్టరమ్మ ఫిలిమును బల్ల మీద పెట్టింది. "గట్ల మెరవొద్దు తల్లీ," అంది. "అది సీసం."

రేణుకకు అర్థం కాలేదు. డాక్టరమ్మ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"మన లోపటికి మనది కానిది రోజూ ఏదో ఒకటి పోతనే ఉంటది. మందు గానీ, పాడైన తిండి గానీ. కార్జం, అదే లివర్, దాన్ని పట్టుకొని, ఇరగ్గొట్టి, నీళ్ళల కరిగేటట్టు చేస్తది. కరిగింది మూత్రంల పోతది, మిగిలింది దొడ్డికి పోతది. సీసాన్ని ఇరగ్గొట్టుడు కార్జంతోని కాదు. కొంచెం కొంచెం మూత్రంల పోతది గని, వచ్చినంత పోదు. నిజాంసాగర్ కాలువ చూసినవా? నీళ్ళు పారిపోతయి. ఒండ్రో?"

"అడుగున నిలుస్తది."

"ఇదీ అంతే. పైంగ మన ఒంటికి దాన్ని చూస్తె సున్నం లెక్క కొడ్తది. బొక్కలకు సున్నం కావాలె గద. తీసుకపోయి అండ్ల దాచుకుంటది."

"ఎన్నొద్దులు ఉంటది?"

"బొక్కలకు పోయినంక ఏండ్లు."

రేణుక ఒళ్ళో ఉన్న పిల్ల మోకాలిని అరచేత్తో కప్పింది. లోపల ఏదో వినపడుతుందేమో అన్నట్టు చాలాసేపు అలాగే పట్టుకుంది.

సీసం ఎక్కణ్ణుంచి వస్తోందో వెతకమంది డాక్టరమ్మ. ఇంట్లో కళాయి గిన్నెలున్నాయా అని అడిగింది. ఉన్నాయి. కొందరు కళాయివాళ్ళు తగరంలో సీసం కలుపుతారని, ఆ గిన్నెల్లో పులుసు వండితే అది తిండిలోకి దిగుతుందని చెప్పింది. రేణుక ఆ సాయంత్రమే కళాయి గిన్నెలన్నీ అటకెక్కించింది. కుండల్లో వండింది. పాలు కూడా కొత్త మట్టి ముంతలో కాచి, రెండు చెంచాల పసుపు వేసి పోసానికి పట్టింది. ఇప్పుడు గిన్నె మంచిది కాబట్టి మందు పనిచేస్తుందనుకుంది.

పిల్ల ఇంకా వాడిపోయింది.

ఆ నెలలోనే రేణుక అన్న కాశయ్య వచ్చి, పిల్ల గాలి మారితే బాగుంటుందని ఇద్దరినీ నందిపేట్ తీసుకుపోయాడు. అక్కడ పోసాని కొన్నాళ్ళు ఏడ్చింది, తర్వాత ఏడవడం మానేసింది. ఒకరోజు పొద్దున మేనమామ కంచంలోకి చెయ్యి పెట్టి జొన్నరొట్టె ముక్క తీసుకుని తిన్నది. కడుపు సాఫీ అయింది. కోడిపిల్ల వెంట పడి నవ్వింది. రేణుక ఆ నవ్వు చూసి పొయ్యి దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

తిరిగి నిజామాబాద్ వచ్చాక, నాయినమ్మ చేతి పసుపు పాలు మళ్ళీ మొదలైన కొన్నాళ్ళకే పిల్ల కడుపు పట్టుకుంది.

"మీ ఊరి గాలి సోకింది," అంది హన్మవ్వ. "ఇంకొంచెం పసుపు కలుపు."

రేణుక చెంచా పసుపు మూటలో ముంచింది. అక్కడే ఆగిపోయింది. నందిపేట్‌లో నీళ్ళు వేరు, తిండి వేరు, గాలి వేరు, నిజమే. పాలు మాత్రం ఇవే పాలు, బర్రె పాలు. అక్కడా పాలలో పసుపు వేసింది. అన్న చేను పసుపు, తనే రోకటితో దంచినది. మట్టిరంగుది.

ఆమె మరునాడు అత్త బీడీ ఆకులు తెచ్చుకోవడానికి పోయినప్పుడు ఒక పని చేసింది. రోజూ బియ్యంలో రాళ్ళు గాలించే రెండు చిప్పలు తీసుకుంది. ఇంటి మూటలోని పసుపు ఒక గుప్పెడు నీళ్ళలో వేసి, బియ్యం గాలించినట్టే ఊపుతూ పైనీళ్ళు వంపింది. మళ్ళీ నీళ్ళు పోసింది, మళ్ళీ వంపింది. తేలికది తేలిపోయింది. రాళ్ళు మిగిలేచోట, చిప్ప అడుగున, బరువైన పసుపుపచ్చటి పొడి మిగిలింది. ఊపినా కదలడం లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది. పసుపు వాసన లేదు. ఏ వాసనా లేదు.

అన్న ఇంటి నుంచి తెచ్చిన పొట్లాంలో అడుగున మిగిలిన కాస్త పసుపు కూడా అలాగే గాలించింది. అడుగున రెండు ఇసుక రేణువులు తప్ప ఏమీ లేదు.

హన్మవ్వ వచ్చేసరికి రేణుక గుమ్మంలోనే కూర్చుని ఉంది. "అత్తా, హారతి నీళ్ళకు ఏం కలుపుతం?"

"పసుపుల సున్నం. గది గూడ మర్సినవా?"

"సున్నం ఏస్తె ఎర్రగైతది గద పసుపు?"

"రగతం లెక్క అయితది."

రేణుక చిప్ప అడుగున ఉన్న పొడిలో తాంబూలం సున్నం వేసి కలిపింది. రంగు మారలేదు. ఇంకొంచెం వేసింది. పసుపుపచ్చగానే ఉంది. పక్కన నందిపేట్ పసుపులో వేలి కొసన అంటిన సున్నం పడగానే ఎర్రబారింది.

హన్మవ్వ రెండు చిప్పల వంకా చూసింది. ఆమె ముఖంలో ఏదో కదిలింది, మళ్ళీ సర్దుకుంది. "సున్నం పాతది," అంది. ఆకుల కట్ట లోపలికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ మాత్రం ఆ పొడిని చూసి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "మీ ఆయన ఏం పని చేస్తడో నేను అడగనే లేదు," అంది చిన్నగా. పరీక్షకు కొంచెం పంపించింది. జవాబు వచ్చిన రోజు రేణుకను పిలిపించి తలుపు దగ్గరగా వేసింది.

"సీసం రంగే. హైదరాబాద్‌ల పెద్ద దవాఖానల ఒక సూది మందు ఉన్నది. రక్తంల ఉన్న సీసాన్ని చెయ్యి పట్టి మూత్రంలకు గుంజుకపోతది. గని ముందుగాల ఆ పసుపు పిల్ల నోట్లకు పోవుడు బందు గావాలె. ఒక దిక్కు గుంజుకుంట ఇంకో దిక్కు పోస్తె మందే పానం తీస్తది. నీకు సమజైందా?"

"అయింది." రేణుక చెయ్యి దానంతట అదే కడుపు మీదికి పోయింది. "నేను గూడ తాగిన డాక్టరమ్మా."

"ఎరుకే. నీకు గిప్పుడు ఆ సూది ఇయ్యరాదు."

"లోపట పిల్లకు పోతదా?"

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "పిల్లకు బొక్కలు కట్టాలంటే సున్నం కావాలె. నువ్వు తిన్నది సాలకపోతే నీ బొక్కలు కరిగించి ఇస్తది ఒళ్ళు. అండ్ల దాచుకున్నది గూడ ఎంబడి పోతది. పాలు తాగు, రాగులు తిను. తిన్నదాంట్లనే సున్నం దొర్కితె బొక్కల జోలికి ఎక్కువ పోదు."

"ఏది సున్నమో ఏది కాదో ఒంటికి ఎరుక గాదా?"

"కాదు."

ఆ సాయంత్రం రేణుక పసుపు మూటను మోరీలో కుమ్మరించింది. కాళ్ళకున్న పసుపు బండ మీద రుద్ది కడిగేసింది. మెడలో పుస్తెల తాడు పసుపు పోయేదాకా ఉతికింది. ఆ ఇంట్లో కుంకుమ కూడా ఆ పసుపుతోనే చేస్తారు గనక బొట్టు కూడా పెట్టుకోలేదు.

హన్మవ్వ గుండెలు బాదుకుంది. "ముత్తైదువ పసుపు ఒద్దంటదానే? నా కొడుకు కండ్ల ముందట ఉండంగనే ముఖం కడుక్కున్నవా?"

"అత్తా, పసుపు ఒద్దంటలేను. ఈ పసుపు ఒద్దంటున్న. మా అన్న చేనుది తెప్పించి పెట్టుకుంట."

"గా సచ్చిన పసుపా? గది పెడ్తె ఏ దేవునికి కండ్లబడ్తవ్?"

ముత్తన్న స్నానం చేసి వచ్చి అంతా విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. నవ్వాడు. "ఆరేండ్ల సంది నేను గా రంగులనే ఉన్న. నాకేమైంది? పొద్దుందాక చెమట కారుస్త. లోపటికి పోయినదంత చెమటల్నే కొట్టుకపోతది. పిల్ల పనీ పాటా లేక ఇంట్ల కూసుంటది, చెమట పట్టది, గందుకే." సీజను ముగిసేదాకా హైదరాబాద్ మాట ఎత్తొద్దన్నాడు. చల్లే చెయ్యి లేకపోతే సేటు ఊరుకోడన్నాడు.

రేణుక అన్నకు కబురు పంపి, ఎదురు చూస్తూ ఉంది. పిల్లను చంక దించేది కాదు.

తర్వాత కొద్ది దినాలకే ముత్తన్న పొద్దుండగానే ఇంటికి వచ్చాడు. గల్లీలో ఎవరూ పెండ్లికొడుకు అనలేదు. అరుగు మీద కూర్చుని కుడిచెయ్యి ముందుకు చాచాడు. మణికట్టు దగ్గర చెయ్యి వడలిన తామర తూడులా కిందికి వేలాడింది. లేపుదామని చూశాడు. లేవలేదు. నొప్పి లేదన్నాడు. డబ్బా పట్టుకుని రంగు చల్లుతుంటే చేతిలోంచి జారిపోయిందట.

రేణుక చూడగానే తెలుసుకుంది. "ఇది గూడ గదే. రేపు డాక్టరమ్మ దగ్గరికి పోదం. ఆ పని బందు చేస్తె చెయ్యి మల్ల వస్తదేమో."

హన్మవ్వ కూడా తెలుసుకుంది. ఆమె తెలుసుకున్నది వేరు. కొడుకు చేతిని తన రెండు చేతుల్లో పట్టుకుని కోడలి బోడి నుదురు వంక చూసింది. కేక వెయ్యలేదు, తిట్టలేదు. పక్కింట్లో దాచిపెట్టిన పసుపు అడిగి తెచ్చి గిన్నెలో తడిపింది. రేణుక ముందు నేల మీద కూర్చుంది.

"నీ కాళ్ళు మొక్కుత బిడ్డా," అంది. నిజంగానే పాదాలు పట్టుకుంది. ఆ చేతుల తడి పసుపు పాదాలకు అంటింది. "పెద్దదాన్ని, అడుక్కుంటున్న. ఈ ఒక్కపారి పెట్టనియ్యి. నా కొడుకు చెయ్యి నీ కాళ్ళల్ల ఉన్నది."

అరుగుల మీద ఆడవాళ్ళు బీడీలు చుట్టడం ఆపి చూస్తున్నారు. ముత్తన్న తల ఎత్తలేదు.

రేణుకకు ఒక్క క్షణం ఆ పాదాలు తనవి కావనిపించింది. కాళ్ళకే కదా, నోట్లోకి పోదు కదా అనుకుంది. ఇంతలో పోసాని దగ్గరికి వచ్చి వంగి ఆమె పాదం మీద చెయ్యి వేసింది. అదే చెయ్యి నోట్లో పెట్టుకుంది. రేణుక కాళ్ళు వెనక్కి లాక్కుంది.

హన్మవ్వ గిన్నె పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

మరునాడు పొద్దున రేణుక నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి ముత్తన్న ఇంట్లో లేడు. చెప్పులూ లేవు. పోసాని గుమ్మంలో నిలబడి ఉంది. పెదవుల చుట్టూ పసుపుపచ్చటి తడి గీత.

"నా," అంది పిల్ల, లోపలికి చూపిస్తూ.

హన్మవ్వ ఖాళీ ముంత కడుగుతోంది. ముఖం దాచుకోలేదు. "పసుపుతల్లి కోపం తీరాలె, నువ్వు పెట్టుకోకపోతివి. తండ్రి కోసం బిడ్డనన్న తాగనియ్యి," అంది. "నాకు ఒక్కడే కొడుకు."

రేణుక పిల్లను ఎత్తుకుని మోరీ దగ్గరికి తీసుకుపోయింది. పిల్ల నోరు కడిగింది. వేలు గొంతులో పెట్టి కక్కించింది, వచ్చినంత వచ్చింది. రాగి పిండి మూట, రెండు చీరలు, పిల్ల గౌన్లు సంచిలో వేసింది. అన్న కోసం చూడలేదు.

"ఆయన ఏడికి పోయిండు?" అని మాత్రం అడిగింది.

"ఇంకేడికి, షెడ్డుకు. ఎడమ చెయ్యి ఉన్నది గదా అన్నడు."

ఇంటి కోడలు ఊరికి పోతుంటే బొట్టు పెట్టి పంపాలి. హన్మవ్వ అలవాటు కొద్దీ కుంకుమ భరిణె అందుకుని గడప దాకా వచ్చింది. రేణుక ఆగలేదు. అరుగుల మీద వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ముఖాలు తిప్పుకున్నారు, పొద్దున్నే ఎదురు రాకూడనిది ఎదురొచ్చినట్టు.

హైదరాబాద్ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పోసాని ఒళ్ళో మగతగా పడుకుంది. దాని మోకాళ్ళు రేణుక పొట్టకు ఆని ఉన్నాయి. బస్సు ఊరు దాటి ఎండిన చేల మధ్యకు వచ్చేసరికి లోపలి బిడ్డ కదిలింది, బలంగా. ఇంతకు ముందు అలా కదిలితే ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు ఆమె ఊపిరి బిగబట్టింది. అది ఈ క్షణాన తన ఏ ఎముకలోంచి ఏం తీసుకుంటోందో. సంచిలోంచి గుప్పెడు రాగి పిండి తీసి పొడిపొడిగానే నోట్లో వేసుకుని, గొంతు పట్టేసినా ఆపకుండా నమిలింది.

పక్క సీటులో ఒక ముసలామె చాలాసేపటి నుంచి ఆమెనే చూస్తోంది. గాజులు చూసింది, నుదురు చూసింది, పాదాలు చూసింది. లెక్క కుదరలేదు.

"గాజులున్నయి, బొట్టు లేదు," అంది ఆఖరికి, ఉండబట్టలేక. "పెనిమిటి ఉన్నడా బిడ్డా, పోయిండా?"

రేణుక పిండి మింగింది.

"ఉన్నడు అవ్వా," అంది. "పనికి పోయిండు."